గాయము మాన్పు రక్తఫలకికలు

కూరలు తరుగునపుడు కత్తిపీట తగిలి వ్రేలు తెగును. కొలది నిమిషములలో నెత్తురు గడ్డకట్టి ఆగును. ఈ ఉపకారమునకు మొదట పూనుకొనునవి రక్తములోని ఫలకికలు. డెంగ్యూ జ్వరము మూలమున ‘ప్లేట్‌లెట్లు’ అను పేరు నేడు మనమందరము వినుచున్నదే. ఆరోగ్యవంతుల రక్తములో ఘన మిల్లీమీటరునకు ఇవి 1,50,000 మొదలు 4,00,000 వరకు ఉండును. వీని ఆయువు సుమారు 8 నుండి 10 దినములు మాత్రమే. రక్తస్రావమును ఆపుటలో వీని పాత్రను 1882లో ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో బిజ్జోజెరో వివరించెను.

నెత్తురు ఆగుటతో వీని పని ముగియునా? 1974లో అమెరికాలోని సియాటిల్ నగరమున రస్సెల్ రాస్, ఆయన సహచరులు ఈ ప్రశ్నకు కొత్త సమాధానము చెప్పిరి. వారు కోతి ధమని గోడనుండి నునుపు కండర కణములను తీసి గాజుపాత్రలలో పెంచిరి. గడ్డకట్టిన రక్తమునుండి తీసిన సీరమ్‌లో ఆ కణములు చక్కగా వృద్ధిచెందెను. ఫలకికలను ముందే తొలగించి చేసిన సీరమ్‌లో వృద్ధి మిక్కిలి తగ్గెను. ఫలకికలు విడిచిన ద్రవమును చేర్చగా అది మరల పుంజుకొనెను. కణములను పెంచు పదార్థము ఫలకికలలోనే కలదని దీనివలన తేలినది. అది ఒక ప్రోటీను. 1979లో దానిని శుద్ధిచేసిరి.

మన ధమనుల లోపలి నున్నని పొర చెదిరినచో ఫలకికలు అచట అంటుకొని ఈ ప్రోటీనును విడుచును. అంతట గోడ నడిమి భాగములోని కండర కణములు లోపలి వైపునకు సాగివచ్చి సంఖ్య పెంచుకొనును. మితముగా జరిగినచో ఇది మరమ్మతే. కాని పగులు పూడ్చవచ్చిన తాపీమేస్త్రి ఆపక సున్నము మెత్తుచుపోయినచో నడవ ఇరుకగును గదా! ధమని గతియు అంతే.

1977లో జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ చిన్న బుడగతో హృదయధమనిని వెడల్పు చేసెను. ఆ చికిత్స ఎందరికో ప్రాణము పోసినది. అయినను బుడగ ఒత్తిడికి గోడ గాయపడి, కొందరిలో కొలది నెలలకే ధమని మరల ఇరుకైనది. ఆస్పిరిన్ గడ్డలను అరికట్టినను ఈ పెరుగుదలను ఆపజాలలేదు. ఏలయన, గోడలోని కణములు, అచట చేరు తెల్లకణములు కూడ అట్టి ప్రేరకములను తయారుచేయును. అందుచేతనే కణవృద్ధిని ఆపు మందు పూసిన స్టెంట్లు వచ్చినవి.

అయితే ఆ మందు ధమని లోపలి పొర మానుటను కూడ ఆలస్యము చేయును. అంతవరకు స్టెంటుపై నెత్తురు గడ్డకట్టు ప్రమాదము పొంచియుండును. కనుక మన ఇంట స్టెంటు వేయించుకొన్నవారున్నచో, ఫలకికలు గుమిగూడకుండ వైద్యుడిచ్చిన మాత్రలను స్వయముగా మానకుండ చూతము. పొగ, అధిక రక్తపోటు, మధుమేహము ధమనుల లోపొరను నిత్యము గాయపరచును. గాయమే తక్కువైనచో మరమ్మతు అవసరము కూడ తక్కువగును.