బర్రె చెవికి నంబరుంది, పిండే మనిషికి పేరు లేదు

(పాడి చేసుకునే స్త్రీలు, పశువైద్య సిబ్బంది, పరిశోధకులు కలుసుకున్న ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



చిన్న పాడి రైతులకి పరిశోధన, కంప్యూటర్ లెక్కలు ఎలా తోడ్పడతాయన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ముందు వరసల్లో కూర్చున్న అక్కల్లో చాలామంది తెల్లవారుజామునే పాలు పిండి, కేంద్రంలో పోసి, బస్సెక్కి వచ్చారు. సాయంత్రం పాల వేళకి మళ్ళీ ఇల్లు చేరాలి. కాబట్టి నేను ఎక్కువసేపు తీసుకోను. నేను చదివింది సమాజశాస్త్రం. పశువైద్యం నాకు రాదు. పశువుల గురించి నాకు తెలిసిన కాస్తా ఇలాంటి అక్కలు చెప్పిందే.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట పిహెచ్.డి. కోసం పాలమూరు జిల్లా పల్లెల్లో తిరిగాను. చేతిలో అచ్చువేసిన ప్రశ్నావళి. మొదటి గడి 'కుటుంబ యజమాని పేరు', రెండోది 'పశువుల సంఖ్య'. ఒక ఇంటి దగ్గర ఒక పెద్దావిడ బర్రె కింద కూర్చుని పాలు పిండుతోంది. చెయ్యి ఆపకుండానే నా ప్రశ్నలకి జవాబులు చెప్పింది. ఎన్ని ఈతలయ్యాయి, ఎప్పుడు చూడి కట్టింది, పూటకి ఎన్ని లీటర్లిస్తోంది, తవుడు ఎక్కడ కొంటారు, అన్నీ. అంతా రాసుకున్నాక ఆమె భర్త పేరు అడిగాను. పేరు చెప్పి ఆమె అంది: "పెండ తీసేది నేను, పాలు పిండేది నేను. పేరు మా ఆయనది రాస్తివి. బర్రె ఎన్నడీనిందో గాయిన్నే అడుగకపోతివా బిడ్డా?"

నవ్వి ఊరుకున్నాను. నా సిద్ధాంత గ్రంథంలో 'పాడి రైతుల వివరాలు' అని ఒక పట్టిక ఉంది. అందులో ఉన్న పేర్లు దాదాపు అన్నీ మగవాళ్ళవే. ఆ వివరాలు చెప్పినవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఆ పట్టికని పరీక్షకులెవరూ తప్పుపట్టలేదు. నాకు డాక్టరేటు వచ్చింది.

ఇప్పుడు కాగితాలు పోయి ట్యాబ్లెట్లు, ఫోన్లు వచ్చాయి. మన దేశంలో పశుగణన 1919-20లో మొదలైంది. 2018 అక్టోబరులో మొదలైన 20వ పశుగణనలో గణకులు ఇంటింటికీ ట్యాబ్లెట్లు పట్టుకుని తిరిగారు. దేశంలో పశుసంపద మొత్తం 53 కోట్ల పైచిలుకు అని, అందులో ఆవులు, ఎద్దులు 19 కోట్లు, గేదెలు 11 కోట్లకి దగ్గరగా ఉన్నాయని తేల్చారు. దీనికి తోడు ఒక్కొక్క పశువుకీ విడిగా ఒక లెక్క ఉంది. పసుపుపచ్చ చెవిపోగు, దాని మీద 12 అంకెల నంబరు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ తయారుచేసిన 'ఇనాఫ్' అనే కంప్యూటర్ వ్యవస్థలో ఆ నంబరు కింద పశువు చరిత్రంతా ఉండేది. 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల నివారణకి జాతీయ కార్యక్రమం మొదలయ్యాక చెవిపోగులు వేయడం జోరందుకుంది. 2024 మార్చిలో 'భారత్ పశుధన్' అన్న పేరుతో కొత్త వ్యవస్థ వచ్చింది. జాతి, వయసు, ఈత, ఎప్పుడు సూది వేశారు, ఎప్పుడు చూడి కట్టింది, ఏ టీకా పడింది, అన్నీ అందులో ఎక్కుతాయి. వాటితో పాటు యజమాని పేరు, ఆ యజమాని ఫోను నంబరు.

నేను దీనికి వ్యతిరేకిని కాను. మన మీటింగుల్లో కంప్యూటర్ అనగానే 'నిఘా' అని తీర్మానించేసే అలవాటు ఒకటుంది. ఏ ఊళ్ళో ఏ పశువుకి టీకా పడలేదో తెలియకుండా గాలికుంటుని ఆపలేం. మంచి ఆబోతుని ఎంచడానికి కూడా ఈ లెక్కలే ఆధారం. ఆబోతు పాలివ్వదు కదా! దాని విలువ తెలియాలంటే దానికి పుట్టిన పెయ్యలు పెరిగి, ఈని, ఎన్ని పాలిచ్చాయో కొలవాలి. అందుకని నెలకోసారి పొద్దునా సాయంత్రం రైతుల కొట్టాల్లో పాలు కొలిచి, 305 రోజుల ఈత లెక్క కడతారు. ఆబోతు మంచిదో కాదో శాస్త్రవేత్త చెప్పగలిగేది ఆ తర్వాతే.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. కొలిచే మనిషి నెలకోసారి వస్తాడు. మధ్యలో పశువు ఎన్నడు ఎదకొచ్చింది, ఎన్నడు ఈనింది, దూడకి ఎంత వదిలారు, పొదుగు వాపు వచ్చి ఎన్నాళ్ళు ఒక చన్ను పాలు పారబోశారు, ఇవన్నీ ఎవరు చెప్పాలి? కొట్టంలో ఉన్న ఆడమనిషి చెప్పాలి. ఈతకీ ఈతకీ మధ్య ఎడం ఎంత అన్నది పాడి పరిశోధనలో పెద్ద లెక్క. పల్లెల్లో ఆ లెక్క చాలామటుకు ఆడవాళ్ళ జ్ఞాపకం మీదే నిలబడుతుంది. "పోయిన బోనాల పండగ ఎల్లినంక నాలుగు దినాలకి" అని ఆమె చెబితే మన కుర్రవాడు తేదీగా మార్చి ఫోనులో నొక్కుతాడు. అది సమాచారమవుతుంది. ఆమె మాత్రం అందులో ఎక్కడా ఉండదు.

పేరుదేముంది, పని జరిగితే చాలు కదా అని నన్ను చాలామంది అడిగారు. వారిలో మంచి పశువైద్యులు కూడా ఉన్నారు. పేరు లేకపోతే పని ఎలా చెడుతుందో రెండు సంగతులు చెబుతాను.

మొదటిది ఎద సంగతి. ఆవు ఎదకొస్తే అరుస్తుంది, గోల చేస్తుంది, అందరికీ తెలుస్తుంది. బర్రెలో అలా కాదు. మూగ ఎద ఎక్కువ, ముఖ్యంగా ఎండాకాలంలో. రాత్రిపూటో తెల్లవారుజామునో కాస్త తీగ వేస్తుంది, పాలు కొంచెం తగ్గుతాయి, మాటిమాటికీ మూత్రం పోస్తుంది. ఇది కనిపెట్టేది పేడ తీసే మనిషి, పాలు పిండే మనిషి. పొద్దున కనిపిస్తే సాయంత్రానికి, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దుటికి సూది వేయించాలని మీ అందరికీ తెలుసు. ఆమె చూసింది. గోపాలమిత్రకి ఫోను చెయ్యాలి. ఫోను ఆయన జేబులో ఉంది, ఆయన పట్నంలో ఉన్నాడు. ఆ పూట దాటిపోతే మళ్ళీ 21 రోజులు. మూడు వారాల మేత, తవుడు, చాకిరీ దండగ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవాళ్ళు దేశంలో 54 శాతమే. టీకా రోజు, చూడి పరీక్ష రోజు గుర్తుచేస్తూ సందేశం పంపినా అది యజమాని నంబరుకే వెళుతుంది. అంటే చూసే కన్ను ఒకరిది, సందేశం ఇంకొకరికి.

రెండోది ఇంకా బరువైంది. నాకు తెలిసిన ఒకామె పొదుపు సంఘంలో అప్పు తీసుకుని గ్రేడెడ్ ముర్రా బర్రెని కొంది. అప్పు ఆమె పేరు మీద. చెవిపోగు వేసిన రోజు ఇంట్లో ఉన్న ఒకే ఫోను భర్తది, ఆ నంబరిచ్చారు, యజమానిగా అతని పేరే పడింది. బీమా కూడా ఆ పేరుతోనే అయింది. తర్వాత అతను బీవండికి వలసపోయి, అక్కడే వేరే సంసారం పెట్టుకున్నాడు. వానాకాలంలో గొంతువాపుతో రెండు రోజుల్లో బర్రె పోయింది. బీమావాళ్ళు చెవిపోగు అడిగారు. ఆమె జాగ్రత్తగా తీసి దాచింది. పశువైద్యుడి ధ్రువపత్రం అడిగారు. తెచ్చింది. యజమాని సంతకం అడిగారు. "యజమానిని నేనే" అంది. కంప్యూటర్ కాదంది. ఏడు నెలలు ఆ ఆఫీసు మెట్లెక్కి దిగింది. ఆమెతో రెండుసార్లు నేనూ వెళ్ళాను. అక్కడ ఎవరూ దురుసుగా మాట్లాడలేదు, కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. డబ్బు మాత్రం రాలేదు. సంఘం వాయిదా నెలనెలా కడుతూనే ఉంది.

ఆ రికార్డులో ఆమె పేరు పట్టే గడి ఒకటుంటే సరిపోయేది. ఆ గడి ఎందుకు లేదు? పశువంటే ఆస్తి, ఆస్తికి యజమాని ఒకరే, ఆ ఒకరూ ఇంటి పెద్ద, ఇంటి పెద్ద మగవాడు. ఈ నాలుగు మెట్లూ ఎవరూ ఎక్కడా రాయలేదు. ఫారం తయారుచేసే వాళ్ళ బుర్రలో ఉన్నాయి. నా ప్రశ్నావళిలోనూ అవే ఉన్నాయి. నిజంగా కొట్టంలోకి వెళ్ళి చూస్తే మూడు వేరువేరు విషయాలు కనబడతాయి: పశువు ఎవరిది, సాకేదెవరు, పాల డబ్బు ఎవరి చేతికొస్తుంది. భూమి లేని దళిత స్త్రీలు ఎందరో పెద్ద రైతు పెయ్యని సగం పాలికి తెచ్చి పెంచుతారు. అది చూడి కట్టాకో ఈనాకో ఖరీదు కట్టి పంచుకుంటారు. మూడేళ్ళ చాకిరీ ఆమెది. రికార్డులో పశువు ఆ రైతుది. పంపకంలో పేచీ వస్తే ఆమె చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ఇది ఒక్క పశుసంవర్ధక శాఖ జబ్బు కాదు. దేశంలో శ్రమని లెక్కపెట్టే జాతీయ నమూనా సర్వేలో 93 అని ఒక కోడ్ ఉంది. ఇంటి పని చేసుకుంటూ, కూరగాయలు, వంటచెరకు, పశువుల మేత లాంటివి ఉచితంగా సేకరించుకునే వాళ్ళు దాని కిందికి వస్తారు. ఆ కోడ్ పడినవాళ్ళు శ్రామికుల లెక్కలోకి రారు. గట్టు మీద గడ్డి కోసి మోపు నెత్తిన పెట్టుకుని రెండు మైళ్ళు నడిచిన మనిషి పని చెయ్యనట్టు లెక్క! కుటుంబ వృత్తిలో జీతం లేకుండా సాయం చేసేవారికి వేరే కోడ్ ఉంది, అది పడితే శ్రామికురాలే. ఏది పడుతుందన్నది గణకుడు అడిగిన తీరుని బట్టి ఉంటుంది. "ఏం పని చేస్తావమ్మా?" అంటే "ఏం లేదు, ఇంట్లనే ఉంట" అంటుంది. "పొద్దున లేచిన కాణ్ణించి ఏమేం చేశావు?" అంటే వేరే కథ వస్తుంది. 2019లో దేశమంతటా చేసిన కాలవినియోగ సర్వే అలా అడిగింది. ఉదయం 4 గంటల నుంచి మర్నాడు ఉదయం 4 వరకు అరగంట అరగంటగా. మన పాడి స్త్రీల రోజు మొదలయ్యేది కూడా ఇంచుమించు నాలుగింటికే.

2024 అక్టోబరులో ప్రారంభించిన 21వ పశుగణనలో పశుపోషణలో ప్రధానంగా పనిచేసే మనిషి ఆడా మగా అన్న వివరం కూడా సేకరిస్తామన్నారు. మంచిదే. ఆ ప్రశ్నకి జవాబు ఎవరు చెబుతారు అన్నది నా భయం. వాకిట్లో అరుగు మీద కూర్చున్న మగాయన "మేమిద్దరం" అంటే 'ఇద్దరు' అని ఫోను ఒప్పుకుంటుంది. స్త్రీల సాధికారతని కొలవడానికి 2012 నుంచి అంతర్జాతీయ పరిశోధకులు వాడుతున్న సూచీలో భార్యాభర్తల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. ఖర్చెక్కువ నిజమే. కనీసం వందకి పది ఇళ్ళలో అలా అడిగి సరిచూసుకోవచ్చు.

పేరు ఎక్కిస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా నేను చెప్పను. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణాల సంక్షోభం చూసినవాళ్ళం. అప్పు కాగితాల మీద ఆడవాళ్ళ పేర్లు నిండుగా ఉండేవి. పేరు ఆమెది, బాధ్యత ఆమెది, డబ్బు ఇంకొకరిది. కాబట్టి పశువు పేరుతో పాటు పాలడబ్బు దారి కూడా అడగాలి. ములుకనూరులో స్త్రీల పాల సహకార సంఘం, 2014లో తిరుపతిలో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ, రెండింటిలోనూ సభ్యులు స్త్రీలే. పాలు పోసిన మనిషే సభ్యురాలు, వెన్న శాతం చీటీ ఆమెది, డబ్బు ఆమె ఖాతాకి. ఖాతాలోంచి ఎవరు తీస్తున్నారన్నది ఇంటింటి పోరాటం, ఒప్పుకుంటాను. చీటీ చేతిలో ఉంటే ఆ పోరాటానికి కాస్త పట్టు దొరుకుతుంది.

ఈ సమాచారాన్ని ఊళ్ళలో పోగుచేసే వాళ్ళలోనూ స్త్రీలున్నారు. పశు సఖులు. 2022లో కేంద్రం వీళ్ళకి శిక్షణ ఇచ్చి చెవిపోగులు, టీకాల పనుల్లో భాగం చేసే పథకం పెట్టింది. జీతం కాదు, పనిని బట్టి ప్రోత్సాహకం. ఫోను రీచార్జి ఎవరిదని అడిగితే నవ్వుతారు.

పరిశోధకులకి ఒక మాట. ఏం కొలవాలో మీరొక్కరే నిర్ణయిస్తే లీటర్లే కొలుస్తారు. నేను అక్కల్ని ఎలాంటి పశువు కావాలని అడిగితే లీటర్లు మొదట రాలేదు. తన్నకూడదు, ఎందుకంటే పసిపిల్ల కొట్టంలోనే ఆడుకుంటుంది. వట్టి వరిగడ్డి మీదైనా బతకాలి, ఎందుకంటే పచ్చిగడ్డికి పొలం లేదు. ఎవరు పిండినా చేపాలి, ఎందుకంటే నేను కాన్పుకి పోతే అత్త పిండాలి. ఈ గుణాలు ఏ ఫారంలోనూ గడులు కావు. గడి లేని గుణం వంశంలో నిలవదు.

సమాచారం ఇచ్చినవాళ్ళకి అది తిరిగి రావాలి, తెలుగులో రావాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అంగీకారం అడిగే నోటీసుని ఎనిమిదో షెడ్యూలు భాషల్లోనూ చదువుకునే వీలుండాలని చెప్పింది. తప్పుని దిద్దించుకునే హక్కు కూడా చెప్పింది. సబ్సిడీలు, పథకాల విషయంలో ప్రభుత్వానికి అంగీకారం నుంచి మినహాయింపులున్నాయి, అది వేరే తగువు. అడగడమైతే మొదలుపెట్టవచ్చు.

అందుకే కొందరు అక్కల్ని చెవిపోగు నంబరు రాసుకుని తెమ్మన్నాం. పశువైద్య సిబ్బంది మిత్రులు తమ ఫోన్లు తెచ్చారు. భోజనాలయ్యాక ఎవరి పశువు నంబరు వాళ్ళు చెప్పి, రికార్డులో ఎవరి పేరుందో, ఎవరి ఫోనుందో చూసుకుందాం. మార్చాల్సినవి అక్కడే అర్జీ రాద్దాం. నాలుగున్నర బస్సుకి వెళ్ళాల్సిన వాళ్ళు ముందు వరసలో కూర్చోండి, మీవి ముందు చూద్దాం.