మజిలీల దారి: నల్లమల కాలిబాట మీద కొన్ని ఆలోచనలు



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు చరిత్ర పాఠం మొదలుపెడితే బోర్డు మీద ముందు నదులు గీసేవారు. తర్వాత రేవులు, ఆ రెంటినీ కలిపే దారులు. రాజులు చిట్టచివర వచ్చేవారు, ఒక్కోసారి గంట కొట్టేసరికి రాకుండానే పోయేవారు కూడా. ఆయన పేరున మాట్లాడమన్నప్పుడు దారుల గురించి తప్ప ఇంకేం మాట్లాడను?

మనం గుడిని కాపాడుకుంటాం, కోటను కాపాడుకుంటాం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టుబడి నిషేధం. ఆపైన మరో 200 మీటర్లు అనుమతి లేనిదే ఇటుక పెట్టకూడదు. మంచి చట్టమే. కాని అది చుక్క చుట్టూ సున్నా చుట్టే చట్టం. దారి చుక్క కాదు, గీత. గుడి దగ్గర మొదలై అడవిలోంచి, పొలాల్లోంచి, మూడు శాఖల అధికారంలోంచి పోయే గీతను ఏ సున్నాలో ఇరికిస్తాం?

ప్రపంచంలో ఈ ఆలోచన కొంత ముదిరింది. స్పెయిన్‌లోని శాంటియాగో యాత్రా మార్గం 1993లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఇంకాల మహామార్గాన్ని ఆరు దేశాలు కలిసి 2014లో ఎక్కించుకున్నాయి. మన దేశం కూడా 2015లో ఉత్తరాపథాన్ని, అంటే తర్వాతి కాలపు గ్రాండ్ ట్రంక్ రోడ్డును, తాత్కాలిక జాబితాలో పెట్టింది. సంతోషమే. దక్షిణాది దారుల మాట ఎత్తడానికే నేనిక్కడ నిలబడ్డాను.

ఒక్క దారి తీసుకుందాం. కర్నూలు సీమలో ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నల్లమల అడవిలోకి దిగే కాలిబాట. నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, ఆ తర్వాత శ్రీశైలం. ఈ పేర్లు మరోసారి వినండి. చెరువు, బావి, కొలను! మజిలీలకు పేర్లు పెట్టింది నీళ్లు. మనిషి ఎండలో ఎంతసేపు నడవగలడో, ఎక్కడ దాహం తీర్చుకోవాలో లెక్క చూసి వేసిన బాట ఇది. ఆ నీటి వసతుల్లో ఒక్కటి పూడిపోతే పక్కన రాళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా ఆ దారి చచ్చినట్టే.

భీముని కొలను దగ్గర కాసేపు ఆగుదాం. అక్కడ బాట ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది, మళ్లీ అవతలి గట్టుకు నిట్టనిలువునా ఎక్కుతుంది. దిగడానికీ ఎక్కడానికీ రాతిమెట్లు. మెట్టుకూ మెట్టుకూ ఎత్తు ఒకటి కాదు. ఒకటి జానెడైతే పక్కది మోకాటి ఎత్తు. ఇంజనీరు చూస్తే తప్పు పడతాడేమో గాని, కొండ ఎలా ఉంటే మెట్టు అలా కూర్చుంది. రాళ్ల మధ్య సున్నం, సిమెంటు లేకపోవడంతో వాననీరు సందుల్లోంచి జారిపోతుంది. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన కీర్తి 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. యాత్ర మాత్రం ఆయనకంటే పాతది. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంతా శివరాత్రికి శ్రీశైలం వెళ్లే జనం సందడే. రాజు మెట్లు వేయకముందే జనం నడిచారు. మెట్లు వచ్చాయి గనుక జనం రాలేదు, జనం ఉన్నారు గనుక మెట్లు వచ్చాయి. వారసత్వ ప్రణాళికలు రాసే మిత్రులు ఈ వరుసను తరచు తలకిందులు చేస్తుంటారు.

1830 మే 18న మద్రాసులో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ నల్లమల బాటలోనే శ్రీశైలం చేరాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన మనిషి, లెక్క తప్పడు. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి సత్రం ఉంది, బోయీలు ఎక్కడ అవస్థపడ్డారు, అన్నీ రాసుకుంటూ పోయాడు. కాశీదాకా వెళ్లి కలకత్తా, గంజాం, కోస్తా మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. శ్రీశైలం అప్పుడు కందనూరు, అంటే కర్నూలు, నవాబు ఏలుబడిలో ఉంది. యాత్రికుల దగ్గర పన్ను పుచ్చుకునే ప్రభువు గుడి బాగోగులు పట్టించుకోకపోవడం వీరాస్వామయ్యకు రుచించలేదు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను మనం సాహిత్యంగా చదువుతున్నాం. దాన్ని రోడ్డు రికార్డుగా చదివి, మజిలీ తర్వాత మజిలీ పటం మీద గుర్తుపెట్టే పని ప్రతి కాలేజీ చరిత్ర శాఖా చేయదగింది.

ఈ బాట ఇంకా బతికి ఉండటానికి కారణం పురావస్తు శాఖ కాదు, కన్నడ భక్తులు. ఏటా ఉగాదికి వాళ్లు వేలాదిగా ఈ అడవి దాటి వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. పుట్టింటి సారె అన్నట్టు చీర, పసుపుకుంకుమలు మోసుకొస్తారు. కొందరు కర్రకాళ్ల మీద నడిచి వస్తారు. అటు చెంచులకు మల్లన్న సాక్షాత్తూ అల్లుడు, చెంచు మల్లయ్య. అల్లుడి వైపు అడవి, ఆడపడుచు వైపు కర్ణాటక. వియ్యాలవారి మధ్య రాకపోకలు ఆగవు గదా! చెంచులే ఈ బాటకు కాపలాదారులు. ఏ ఊట ఎండింది, ఏ పక్క ఎలుగు తిరుగుతోంది అన్నది వాళ్లకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు. బాటను కాపాడతామంటూ చెంచుగూడేన్ని ఖాళీ చేయిస్తే మనకు మిగిలేది మెట్లే.

దీనికి ఎదురు ఉదాహరణ గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయిన వర్తక మార్గం. నేరుగా పోతే నూరు క్రోసులని, కొల్లూరు వజ్రాల గని మీదుగా 112 అని 17వ శతాబ్దంలో ఆ దారిన తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే లెక్క కట్టాడు. చెరువులు, ఏరులు, ఇరుకు కనుమలు అడ్డొచ్చి ఆ దారిలో బళ్లు నడవవని, తన చిన్న బండిని గనిదాకా తీసుకుపోవడానికి పదేపదే విప్పి మోయించాల్సి వచ్చిందని రాశాడు. దేశంలోకెల్లా ఖరీదైన సరుకు ఎద్దుల వీపు మీద, పల్లకీల్లో సాగిందన్నమాట. ఆ దారిలో ఇప్పుడేముంది? కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగింది. గోల్కొండ నుంచి బయటికి వచ్చే బాటసారి కోసం 1578లో మూసీ మీద కట్టిన పురానాపూల్ నిలిచే ఉంది. హయత్‌నగర్‌లో మసీదు ఉంది. రెంటికీ మధ్య ఒకప్పుడు ఒకే దారి ఉండేదన్న సంగతి చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. 65వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ బస్సులు హయత్‌నగర్ పక్క నుంచే దూసుకుపోతాయి. రోడ్డు వెడల్పు చేయొద్దని నేననను, జనానికి రోడ్లు కావాలి. వెడల్పు చేసేటప్పుడు సరాయి ఎక్కడ, దిగుడుబావి ఎక్కడ అని అడిగేవాడు ఒకడుండాలంటాను.

నల్లమల బాటకు మరో ముప్పు ఉంది. అది ప్రేమతో వచ్చే ముప్పు. యాత్రికుల సౌకర్యం పేరిట మెట్ల మీద సిమెంటు పోయడం, రెయిలింగులు బిగించడం, మొదట్లో ఆర్చి కట్టి దాతల పేర్లు పెద్దక్షరాలతో రాయించడం. సిమెంటు పోసిన మెట్టు వాననీటిని కిందికి ఇంకనివ్వదు, పక్కకు తోస్తుంది, గట్టు కోసుకుపోతుంది. ఈ బాటకు కావలసింది వేరు. చెరువుకు పూడికతీత, బావికి గిలక, కదిలిన రాయిని మళ్లీ దాని చోట కూర్చోబెట్టే వడ్డెర పనివాడికి కూలి, ప్లాస్టిక్ సీసాలకు అడవి గుమ్మంలోనే అడ్డుకట్ట. పులుల అభయారణ్యం గనుక యాత్రాకాలం దాటి మనుషులు తిరగకపోవడమే మంచిది. ఇవన్నీ చేయడానికి అటవీ శాఖ, దేవాదాయ శాఖ, పురావస్తు శాఖ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. చెంచుల ప్రతినిధికి అదే బల్ల దగ్గర కుర్చీ వేయాలి, గోడవారగా బెంచీ కాదు.

ఇక విద్యార్థులకు. శ్రీశైలం దాకా పోనక్కర్లేదు. మీ మండల కార్యాలయంలో మీ ఊరి పాత నక్షా ఉంటుంది. అందులో డొంక అనో, పుంత అనో, బండ్ల బాట అనో సన్నటి గీతలు కనిపిస్తాయి. ప్రభుత్వ పోరంబోకుగా నమోదైన ఆ గీతల్లో చాలావాటిని పక్క పొలాలవాళ్లు దున్నేసుకున్నారు. ఒక గీత పట్టుకుని పక్క ఊరి నక్షాతో కలపండి, ఆ పైన దాని పక్క ఊరిది. దారిలో పాత బావి, సత్రం గోడ, వీరగల్లు, దర్గా ఏది తగిలినా గుర్తుపెట్టి ఫొటో తీయండి. ఊళ్లో డెబ్బై దాటినవాళ్లను కూర్చోబెట్టి, సంతకు, తిరనాళ్లకు ఏ దారిన పోయేవాళ్లో అడిగి రాసుకోండి. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి, వాళ్లు మనకోసం ఆగరు.