నొప్పి బిళ్ళ ఎక్కడ పనిచేస్తుంది?



నాట్లు మొదలయ్యాయి. పొద్దున వంచిన నడుం పొద్దుగూకేదాకా ఎత్తరు. రాత్రికి కొట్లో ఒక నొప్పి బిళ్ళ కొని మింగుతారు. గంటలో నొప్పి తగ్గుతుంది. నడుం నయమైంది అనుకుంటారు. మా అమ్మ కూడా అట్లాగే అనుకునేది.

కాలిలో ముల్లు గుచ్చుకుంటే నొప్పి కాలిలోనే ఉంది అంటాం. కానీ ఆ నొప్పి తెలిసేది మెదడుకు. ముల్లు దిగగానే నరం వెంట కబురు బయలుదేరుతుంది. వెన్నుపాము గుండా మెదడుకు చేరుతుంది. అప్పుడు 'అబ్బా' అంటాం. ఒక్కోసారి మెదడే ఆ కబురును ఆపేస్తుంది. బిడ్డ బావి గట్టు ఎక్కిందనుకోండి. ముల్లున్న కాలితోనే పరుగెత్తుతాం. బిడ్డను చంకన వేసుకున్నాక గానీ నొప్పి గుర్తుకు రాదు.

మందులు కూడా ఈ కబురు దారిలోనే పనిచేస్తాయి. పన్ను పీకేముందు ఇచ్చే ఇంజెక్షను నరంలో కబురు నడవకుండా చేస్తుంది. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ వెన్నుపాములో, మెదడులో పనిచేస్తుంది. క్యాన్సరు నొప్పికి డాక్టర్లు దాన్ని లెక్క ప్రకారం ఇస్తారు.

మనం కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్ళల పని వేరు. ఒంట్లో వాచిన చోట ఒక పదార్థం పుడుతుంది. దాని పేరు ప్రోస్టాగ్లాండిన్. నోరు తిరగకపోతే వదిలేయండి. అది నరాన్ని రెచ్చగొడుతుంది. బిళ్ళ ఆ పదార్థాన్ని పుట్టనివ్వదు. ఆస్పిరిన్ ఇట్లా పనిచేస్తుందని 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ అనే ఆయన కనిపెట్టాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ పదార్థమే మన కడుపు లోపలి పొరను కాపాడుతుంది. కిడ్నీలకు నెత్తురు అందేటట్లు చూస్తుంది. బిళ్ళ అక్కడ కూడా దాన్ని ఆపుతుంది. రోజూ మింగితే కడుపులో పుండు పడవచ్చు. ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేసి మింగితే కిడ్నీలకు ఇంకా ప్రమాదం.

పెద్దవాళ్ళు రాబందులను చూసే ఉంటారు. ఇప్పుడు కనబడటం లేదు కదా? పశువులకు నొప్పి తగ్గాలని డైక్లోఫెనాక్ వేసేవారు. ఆ పశువు చచ్చాక రాబందులు తినేవి. వాటి కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. అందుకే 2006లో మన దేశంలో ఆ మందును పశువులకు వాడకుండా ఆపారు. మనుషులకు అంత విషం కాదు. కానీ నాకు ఆ మాట వింటే భయమే.

మా అమ్మ రెండేళ్ళు రోజూ బిళ్ళ మింగింది. ఒకనాడు విరేచనం తారులాగా నల్లగా అయింది. తిన్నది పడలేదు అనుకుంది. మర్నాడు కళ్ళు తిరిగి పడిపోయింది. కడుపులో పుండు పడి నెత్తురు కారుతోందని ఆసుపత్రిలో చెప్పారు. "ఏం బిళ్ళ వాడావమ్మా?" అని డాక్టరు అడిగారు. "తెల్ల బిళ్ళ" అంది అమ్మ. నేను టీచరు ట్రైనింగు పాసైనదాన్ని. పక్కనే నిలబడ్డాను. నాకూ దాని పేరు తెలియదు. కొట్టువాడు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. మేం ఎన్నడూ అడగలేదు.

అమ్మ బతికింది. ఇప్పుడు నొప్పి వస్తే డాక్టరు చెప్పిన పారాసిటమాల్ వేసుకుంటుంది. అది కడుపును అంతగా పాడుచేయదు. కానీ దానికీ లెక్క ఉంది. 500 అని రాసిన బిళ్ళలు రోజుకు 8 దాటితే కాలేయం చెడుతుంది. తాగుడు అలవాటున్న వాళ్ళకు ఇంకా తక్కువకే చెడుతుంది.

బిళ్ళల అట్ట మీద పేరు తెలుగులో ఉండదు. అందుకే ఇంట్లో ఉన్న అట్టలు తెమ్మన్నాను. తెచ్చారు కదా? పుస్తకాలు తీయండి. పేరు నేను పైకి చదువుతాను. మీరు తెలుగులో రాసుకోండి. పక్కనే అంకె కూడా వేయండి. సుబ్బమ్మత్తా, ముందు నీ అట్ట ఇటు ఇవ్వు.