మట్టికి మూడేళ్లు, కౌలుకు పదకొండు నెలలు
(మండల మహాసభలో ఒక కౌలు రైతు చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రవేత్తను కాను. పదో తరగతి చదివి వ్యవసాయంలోకి దిగినవాణ్ణి. ఈ కృష్ణా డెల్టాలో రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు చేస్తున్నాను. పచ్చిరొట్ట గురించి నా అనుభవం నాలుగు మాటల్లో చెప్తాను.

మన పెద్దలు నేలను ఖాళీగా ఉంచేవారు కాదు. వరి కోతకు ముందే పదునులో మినుమో, పిల్లిపెసరో, జనుమో చల్లేవారు. పశువులకు మేత, నేలకు సత్తువ. కోత మిషన్లు వచ్చాక గడ్డి తగలబెట్టడం, వేసవంతా నేలను ఎండకు వదిలెయ్యడం అలవాటైపోయింది. ఆపైన యూరియా కోసం క్యూలో నిలబడుతున్నాం.

ఆరేళ్ల కిందట నా రెండెకరాల్లో జీలుగ మొదలుపెట్టాను. మే ఆఖర్లో వాన పడగానే దున్ని, ఎకరానికి 12 కిలోలు చల్లాను. 45 రోజులకు, పూత మొదలయ్యేటప్పుడు నీళ్లు పెట్టి దమ్ములో కలియదున్నాలి. ఆలస్యమైతే కాడ ముదిరి తొందరగా కుళ్లదు. కలిపాక పది రోజులు మాగనిచ్చి నాట్లు వేసుకోవాలి. జీలుగ వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తాయి. చౌడు నేలలో కూడా జీలుగ బతుకుతుంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మొదటి ఏడు దిగుబడి పెరగలేదు. విత్తనం, దుక్కి ఖర్చు మీద పడింది. ఇంట్లో మాటలు కూడా పడ్డాను. మూడో ఏడు మట్టి గుల్లబారింది. ఎకరానికి ఒక బస్తా యూరియా తగ్గించినా పైరు పచ్చగానే ఉంది.

కౌలు చేలో కూడా రెండేళ్లు ఇదే చేశాను. ఇంకొకరు ఎకరానికి రెండు బస్తాలు ఎక్కువిస్తామనేసరికి ఆసామి పొలం వాళ్లకిచ్చాడు. ఆ కొత్త కౌలుదారు మీద నాకు కోపం లేదు, ఆయనా మనలాంటివాడే. కానీ ఇప్పుడు చేస్తున్న కౌలు పొలంలో జీలుగ చల్లడానికి నాకు చెయ్యి రావడం లేదు. మీలో ఎంతమందిది ఇదే బాధ?

2019లో మన రాష్ట్రంలో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో ఒప్పందం గడువు 11 నెలలు. దానికీ ఆసామి సంతకం కావాలి. మట్టి బాగుపడాలంటే మూడేళ్లు పట్టే చోట 11 నెలల కాగితంతో ఎవరు పెట్టుబడి పెడతారు?

అందుకే మన సంఘం మూడు పనులు చెయ్యాలి. ఒకటి, కౌలు గడువు కనీసం మూడేళ్లు ఉండాలని పోరాడాలి. రెండు, పచ్చిరొట్ట విత్తనాలు మే 15 లోపు ఊళ్లోకి రావాలి, పాస్‌బుక్ లేని కౌలుదారుకూ సబ్సిడీ అందాలి. జూలైలో వచ్చే విత్తనం మనకెందుకు? మూడోది మన చేతిలోనే ఉంది. గట్ల మీద నాలుగు వరసల జీలుగ దున్నకుండా వదిలి కాయ కోసుకుంటే, వచ్చే ఏడు విత్తనం కోసం ఎవరినీ అడగక్కర్లేదు.

సొంత పొలం ఉన్నవాళ్లు ఈ వేసవిలో అరెకరంతోనైనా మొదలుపెట్టండి. పొలం కౌలుకిచ్చినవాళ్లు ఈ సభలో ఉంటే వాళ్లకొక్క మాట: బాగుపడేది మీ నేలే, మీ కౌలుదారుకు మూడేళ్లు మాటివ్వండి.

సెలవు.