లిథియము బాటరీలో ద్రవలవణములు

పెన్సిలులో మనము సీసమని పిలుచునది సీసము కాదు, గ్రాఫైటు. అది బొగ్గు జాతికి చెందిన వస్తువు. చేతి ఫోనులలోను, విద్యుత్ స్కూటర్లలోను ఉండు లిథియము బాటరీలలో ఋణధ్రువమును సాధారణముగా దీనితోనే చేయుచున్నారు. ఈ ప్రసంగమును ఫోనులో వినుచున్న శ్రోతల చేతిలోనే ఆ వస్తువు ఇప్పుడున్నదన్నమాట.

గ్రాఫైటు నిర్మాణము తాళపత్రముల కట్టను బోలినది. కర్బన పరమాణువులు ఆరేసి చొప్పున వలయములుగా అల్లుకొని పలుచని రేకులగును. రేకు మీద రేకు పేరుకొనును. రేకుల నడుమ ఎడము 3.35 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు. రేకులోపలి పట్టు గట్టిది. రేకుకును రేకుకును నడుమ పట్టు బహు దుర్బలము. పెన్సిలు కాగితముపై నునుపుగా జారుటకు కారణమిదియే. బాటరీని చార్జి చేయునపుడు లిథియము అయానులు, పిల్లలు పుస్తకములో దాచుకొను నెమలికన్నులవలె, ఈ రేకుల నడుమ చేరును. ఆరు కర్బన పరమాణువులకు ఒక లిథియము చొప్పున నిండినపుడు ఎడము 3.70 ఆంగ్‌స్ట్రాములగును. వాడుకొనునపుడు అయానులు మరల వెలికి వచ్చును. ఇట్టి రాకపోకలు వందల పర్యాయములు జరిగినను కట్ట చెదరరాదు.

చెదరగొట్టునది అయానులు కాదు, వాటిని మోసుకొనివచ్చు ద్రవము. ఈ బాటరీల వోల్టేజికి నీరు విడిపోవును గనుక, కార్బొనేటు జాతి ద్రావకములను వాడుదురు. ప్రొపిలీను కార్బొనేటు గ్రాఫైటుపై విచ్ఛిన్నమగుచున్నదని 1970లో డే, సల్లివన్ అనువారు తెలిపిరి. దాని అణువులు లిథియమును అంటిపెట్టుకొని, పిలువని పేరంటమునకు వచ్చినట్లు తామును రేకుల నడుమ దూరును, కట్ట విచ్చిపోవును. దానికి దగ్గరి చుట్టమైన ఎథిలీను కార్బొనేటు నడవడి వేరు. అదియు మొదటి చార్జిలో కొంత విచ్ఛిన్నమగును గాని, ఆ శకలములు పాలపై మీగడవలె గ్రాఫైటుపై పలుచని పొరగా కట్టును. ఆ పొర లిథియమునకు దారి యిచ్చును. ద్రావకమును, ఎలక్ట్రానులను అడ్డగించును. లిథియము లోహముపై ఇట్టి పొరను 1979లో పెలెడ్ వివరించెను. గ్రాఫైటు విషయమున దాని ప్రాముఖ్యమును 1990లో ఫాంగ్, ఫాన్ సాకెన్, డాన్ అనువారు నిరూపించిరి. ద్రవము కొంత నశించినందువల్లనే గ్రాఫైటు నిలుచుచున్నది.

అయితే ఈ ద్రావకములు మండును. 2013 జనవరిలో రెండు బోయింగ్ 787 విమానములలో బాటరీలు మితిమీరి వేడెక్కగా, ఆ రకపు విమానములన్నిటిని కొన్ని నెలలు నేలపై నిలిపివేసిరి. 2022 సెప్టెంబరులో సికిందరాబాదున విద్యుత్ స్కూటర్ల దుకాణమున్న భవనములో అగ్నిప్రమాదము సంభవించి ఎనిమిదిమంది మరణించిరి. మండని ద్రవమునకై వెదకుట కేవలము ప్రయోగశాలల ముచ్చట కాదు.

ఆ వెదకులాటలో లభించినవే ద్రవలవణములు. మన వంటింటి ఉప్పు కరగుటకు 801 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. 1914లో వాల్డెన్ వర్ణించిన ఎథిలమోనియము నైట్రేటు 12 డిగ్రీలకే కరగును. అయానులు పెద్దవై, వంకరటింకరగా ఉండుటచే ఒద్దికగా పేర్చుకొని గట్టిపడజాలవు. గాలికి, తేమకు చెడని ద్రవలవణములను 1992లో విల్క్స్, జవొరొట్కో తయారుచేసిరి. ఇవి దాదాపు ఆవిరి కావు, సులభముగా అంటుకొనవు.

ఇంకేమి కావలెననిపించును. గ్రాఫైటు మాత్రము వీటితో పొసగలేదు. లవణములోని పెద్ద ధన అయానులే రేకుల నడుమ దూరి విచ్ఛిన్నము కాజొచ్చెను. కావలసిన మీగడ కట్టలేదు. మనుష్యులకు క్షేమమైనది గ్రాఫైటునకు క్షేమము కాలేదు.

2004లో స్విట్జర్లాండులోని పాల్ షెరర్ సంస్థకు చెందిన హోల్జాఫెల్, యోస్ట్, నోవాక్ ఒక ఉపాయము చూపిరి. ద్రవలవణములో కొలదిగా వినైలీను కార్బొనేటు కలిపిరి. అది అందరికంటె ముందు విచ్ఛిన్నమై పొర కట్టును. గ్రాఫైటు నిలిచినది. కాని కలిపిన పదార్థము క్రమముగా ఖర్చగుచుండును. అందుచే 2006లో జపానులో ఇషికావా బృందము సాధించినది నాకు మరింత ముచ్చటగా తోచును. వారు వేరే పదార్థమేదియు కలుపలేదు. లవణములోని ఋణ అయానునే మార్చిరి. ఎఫ్.ఎస్.ఐ. అను ఆ అయాను ఉన్నచోట గ్రాఫైటు చక్కగా పనిచేసినది. దాని దగ్గరి బంధువగు టి.ఎఫ్.ఎస్.ఐ.కి ఆ గుణము లేదు. ఎఫ్.ఎస్.ఐ. విడిపోవునపుడు లిథియము ఫ్లోరైడు మొదలగువాటితో పొర కట్టునని తరువాతి పరిశీలనలు తెలుపుచున్నవి.

మండని ద్రవమున్నంత మాత్రమున బాటరీ నిప్పునకు లొంగదనుకొనరాదు. ధనధ్రువములోని కోబాల్టు ఆక్సైడు వంటివి మిక్కిలి వేడెక్కిన ఆక్సిజనును విడుచును. పైగా ద్రవలవణములు ప్రియమైనవి, జిగటైనవి; చలిలో అయానులు వాటిలో నత్తనడక నడచును. జిగట తగ్గించుటకు కొందరు పాత కార్బొనేటునే కొంత కలుపుచున్నారు. అది పెరిగినకొలది లిథియము నడక చురుకగును. మంట భయము తిరిగి వచ్చును. ఎంత కలుపవచ్చునన్నదే ఇప్పుడు వారి తూనికలోనున్న విషయము.