పాత కట్టడానికి మంచి సలహా

పురాతన కట్టడాల రక్షణలో సలహా సంఘాల పాత్ర గురించి బడిపంతుళ్లుగా మేము నాలుగు మాటలు మనవి చేస్తాం.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా మన జిల్లా ఏర్పడింది. వానలు తక్కువైన సీమే గానీ, చరిత్రకు కరవు లేదు. లేపాక్షి వీరభద్రాలయం మనదే. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ మనదే. అక్కడి గగన్ మహల్, అన్ని మతాలవారూ మొక్కుకునే బాబయ్య దర్గా మనవే. వీటిని కాపాడవలసింది సర్కారు ఒక్కటే కాదు.

కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 చట్టం ఉంది. 2010లో దాన్ని సవరించి జాతీయ స్మారక ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి తీసుకొనే కట్టాలి. ఆ అనుమతి ఇవ్వవచ్చా లేదా అని సిఫారసు చేసేది ఈ సంస్థే. ఒక్కో కట్టడానికి తగిన ఉపనిబంధనలు రాసేటప్పుడు ఇంటాక్ వంటి నిపుణుల సంస్థలను సంప్రదించాలని కూడా చట్టంలోనే ఉంది.

సలహా చెప్పేవారి చేతిలో లాఠీ ఉండదు, ఖజానా ఉండదు. మరి వారి మాటకు విలువేమిటని అడగవచ్చు. హైదరాబాదు సంగతి చూడండి. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రం మంజిల్ నగర వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది. 2019లో తెలంగాణ మంత్రివర్గం దాన్ని కూల్చి కొత్త శాసనసభ కట్టాలని నిర్ణయించింది. పౌరులు కోర్టుకెక్కారు. ఆ ఏడు సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఎప్పుడో నిపుణులు కూర్చొని కాగితం మీద పెట్టిన పేరే అవసరానికి సాక్ష్యమై నిలిచింది. రాసి ఉంచిన సలహాకు అంత బలం.

ఇక మన ఇంటి సంగతి. పాత మసీదుకో, దర్గాకో మరమ్మతు అంటే మన దాతలు వెనుకాడరు. కానీ సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడే చెడుతుంది. చెక్కిన రాత మీద ఆయిల్ పెయింట్ వేస్తే తేదీ, కట్టించినవారి పేరు కనుమరుగవుతాయి. దాత మనసు మంచిదే, పోయిన అక్షరం మాత్రం మళ్లీ రాదు.

అందుకే మా విన్నపం: సంఘం తరఫున ఐదారుగురితో ఒక చిన్న సలహా కమిటీ వేద్దాం. సున్నపు పని తెలిసిన మేస్త్రీ, ఒక ఇంజనీరు, ఫారసీ, ఉర్దూ చదవగల పెద్ద, చరిత్ర చెప్పే పంతులు అందులో ఉండాలి. ఏ పాత కట్టడానికైనా పైకం ఇచ్చే ముందు మూడు పనులు జరగాలి. నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. రాళ్ల మీది రాతలన్నీ చదివి నకలు రాసుకోవాలి. అది రక్షిత కట్టడమా, దాని పరిధిలో ఉందా అని పురావస్తు శాఖను అడగాలి. కమిటీ అభిప్రాయం రాతపూర్వకంగా ఉంటేనే చెక్కు కదలాలి.

దీనికి ఖర్చు స్వల్పం. కావలసింది కొంచెం ఓపిక. మీరిచ్చే రూపాయి గోడను నిలబెట్టాలి, దాని చరిత్రను చెరపకూడదు. ఈ మాట మీ ముందుంచి సెలవు తీసుకుంటున్నాం.