తిరిగే భోజనశాల



మేము రైల్వే గుమాస్తాలము. ఉపన్యాసములు మాకు రావు. చూచిన సంగతి ఒక్కటి చెప్పి కూర్చుంటాము.

మన దెగ్లూరుకు రైలు లేదు గదా. నాందేడు దాకా బస్సులో పోయి, రైల్వే పాసు మీద తపోవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, అమ్మతోను పిల్లవానితోను ముంబయి వెళ్ళాము. చర్చిగేటు వద్ద అంబాసిడర్ హోటలు మీది తిరిగే భోజనశాలలో కూర్చున్నాము. క్రింద మెరీన్ డ్రైవు దీపాలు, అవతల సముద్రము.

ఇట్టి శాలలలో మేడ తిరగదు. బల్లలున్న నేల మాత్రం మెల్లగా తిరుగుతుంది, కిటికీలు కదలవు. 1962లో సియాటిల్ నగరంలో తెరిచిన 605 అడుగుల స్పేస్ నీడిల్‌లో ఇందుకు ఒక్క హార్స్‌పవర్ మోటారు సరిపోయిందట!

ఇది తెలియక అమ్మ తన వక్కల సంచి కిటికీ గట్టున పెట్టింది. కాసేపటికి, "సంచి పోయింది బిడ్డా!" అన్నది. మనవడు నవ్వి మరాఠీలో ఏదో అన్నాడు. నెల క్రితమే కరీంనగరం వైపునుండి వచ్చిన అమ్మకు అది తెలియలేదు. మేమే తెలుగులో చెప్పవలసి వచ్చింది: "సంచి ఎక్కడికీ పోలేదు, మనమే జరిగినాము."

ఆ మాట మాకే తగిలింది. మరాఠీ మనకు అన్నం పెట్టే భాష. దాని తప్పేమీ లేదు. వాడు బడిలో నేర్చినది పలికాడు. ఇంట్లో నేర్పవలసినది మేము నేర్పలేదు.

అక్కడ నేల తిరిగి మమ్ములను సంచి దగ్గరకు చేర్చింది. ఇంట్లో అట్టి మోటారు లేదు. కనుక ఇప్పుడు ప్రతి రాత్రి భోజనాలయ్యాక అమ్మ మనవనికి కథ చెప్పుతున్నది. వాడు తెలుగులోనే ఊ కొట్టి, తెలుగులోనే అడగవలె.

ఉగాది శుభాకాంక్షలు. సెలవు.